గాలం వేటకు అనువైన కాలాన్ని ఎంచుకోవడం

1.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఉష్ణమండలంలో చేపల వేటకు కాలాన్ని నిర్ణయించే అంశాలను వివరించగలుగుతారు.
• చెరువుకు, జలాశయానికి, సముద్రానికి అనువైన నెలలు వేరువేరుగా ఎందుకుంటాయో చెప్పగలుగుతారు.
• మీకు దొరికే సెలవులలో ఏవి వేటకు తగినవో, ఏవి కావో నిర్ణయించుకోగలుగుతారు.

1.1 విషయ పరిచయం

అమ్మకం కోసం కాక, కాలక్షేపం కోసం గాలంతో చేపలు పట్టడాన్ని క్రీడా వేట అంటారు. పట్టిన చేపను గాయపరచకుండా తిరిగి నీటిలో వదలడం కూడా ఇందులో ఒక పద్ధతి. శీతల దేశాలలో చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి. కాబట్టి అక్కడ వేటకు వేసవి మంచి కాలం. ఈ సూత్రం మనకు వర్తించదు. ఉష్ణమండలంలో కాలాన్ని నిర్ణయించేది చలి కాదు, వాన. నీరు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు తేటపడుతుంది, చేప ఎప్పుడు గుడ్లు పెడుతుంది అనే వాటిని బట్టి వేట కాలం ఏర్పడుతుంది.

ఈ విషయాన్ని అనంతపురం జిల్లాలోని విడపనకల్లు మండలాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం. కరవు ప్రాంతంలో చేపల వేట ఏమిటని మీకు అనిపించవచ్చు. నిజానికి నీరు తక్కువగా ఉన్నచోటనే కాలం ఎంపిక ఎంత ముఖ్యమో స్పష్టంగా తెలుస్తుంది. నీరు సమృద్ధిగా ఉన్నచోట తప్పు కాలంలో వెళితే ఒక రోజు వృథా అవుతుంది. నీరు తక్కువగా ఉన్నచోట అదే తప్పు వల్ల మరుసటి ఏడాది చేపలే లేకుండా పోవచ్చు.

1.2 మొదటి అంశం: నీరు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పడమటి కనుమల వానచాటున ఉండడం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి బలహీనపడి చేరతాయి. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాల వాన కూడా తక్కువే. ఏడాదిలో ఎక్కువ వాన కురిసే నెల సెప్టెంబర్. అందువల్ల వాన నీటిపైనే ఆధారపడిన కుంటలు, చెరువులు నిండితే సెప్టెంబర్, అక్టోబర్ నెలలలో నిండుతాయి. చాలా వాటిలో వేసవి నాటికి నీరు అడుగంటుతుంది.

జిల్లాకు రెండో ఆధారం కాలువ నీరు. హోసపేట వద్ద ఉన్న తుంగభద్ర డ్యాము నుండి ఎగువ కాలువ ద్వారా నీరు జిల్లాకు చేరుతుంది. పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ జలాశయానికి కూడా ఈ నీరు అందుతుంది. సాధారణంగా నైరుతి వానలకు డ్యాములోకి నీరు చేరిన తరువాతనే కాలువకు వదులుతారు. ఆ తేదీ ఏటా మారుతుంది.

కొత్త నీరు వచ్చిన వెంటనే వేట బాగుంటుందనుకోవడం పొరపాటు. నల్లరేగడి పొలాల మీదుగా పారి వచ్చిన నీరు బురదగా ఉంటుంది. చూపుతో వేటాడే చేపకు అందులో ఎర కనబడదు. మట్టి అడుగుకు దిగి నీరు తేటపడడానికి కొంతకాలం పడుతుంది. పప్పుశనగ విత్తనం ముగిసి, చలి మొదలయ్యే నాటికి చెరువు నీరు చాలావరకు నిలకడకు వస్తుంది.

1.3 రెండవ అంశం: గుడ్లు పెట్టే కాలం

బొచ్చె, రాగండి, ఎర్రమోసు చేపలు నైరుతి రుతుపవన కాలంలో, పారే వరద నీటిలో గుడ్లు పెడతాయి. ఇందుకోసం జలాశయంలోని తల్లిచేపలు వాగులు వచ్చి కలిసే చోటికి ఎదురీదుతాయి. ఆ సమయంలో అవి ఒకేచోట గుంపుగా దొరుకుతాయి. సులభంగా దొరుకుతున్నాయి కదా అని పట్టడం విత్తన వడ్లను వండుకు తినడం వంటిది.

చెరువుల్లోని నిలవ నీటిలో ఈ మూడు రకాలు సాధారణంగా గుడ్లు పెట్టవు. అందుకే బయటి నుండి పిల్లలను తెచ్చి వదులుతారు. వదిలిన పిల్ల ఎదగడానికి నెలలు పడుతుంది.

కొరమీను పద్ధతి వేరు. అది నిలవ నీటిలోనే, గడ్డి ఉన్న అంచులలో గుడ్లు పెట్టి, పొదిగి బయటికి వచ్చిన పిల్లలకు కాపలా కాస్తుంది. నీటి పైభాగాన ఎర్రటి చిన్న పిల్లల గుంపు కనబడితే, దాని కిందనే తల్లిదండ్రులు ఉన్నాయని గ్రహించాలి. అక్కడ గాలం వేస్తే కాపలా చేప ఎర మీదికి దూకవచ్చు. అది పోతే పిల్లలను ఇతర చేపలు తినేస్తాయి. జూన్ రెండవ వారంలో వచ్చే మృగశిర కార్తెకు చేప తినడం మన ఆచారం. కొరమీనుకు గిరాకీ పెరిగే ఈ రోజులూ, అది గుడ్లు పెట్టే కాలమూ దగ్గరదగ్గరగా రావడం గమనించండి.

1.4 మూడవ అంశం: వేడి, ప్రాణవాయువు

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. వేసవిలో లోతు తగ్గిన చెరువులో చేప ఇప్పటికే ఊపిరికి ఇబ్బంది పడుతుంటుంది. గాలానికి తగిలి పెనుగులాడిన చేపను తిరిగి వదిలినా అది బతికే అవకాశం తక్కువ.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. పూర్తిగా ఎండిపోయే చెరువులో చేపలను వేసవి రాకముందే పట్టుకోవడం సబబు. అక్కడ మిగిల్చినా అవి బతకవు. గాలిని నేరుగా పీల్చగల కొరమీను, మార్పు వంటివి మాత్రం తడి బురదలో కొంతకాలం నిలుస్తాయి. ఏడాది పొడవునా నీరుండే జలాశయంలో పరిస్థితి దీనికి వ్యతిరేకం. వేసవిలో అక్కడ మిగిలిన పెద్ద చేపలే రాబోయే వానలకు తల్లిచేపలు.

1.5 సముద్రంలో వేట

జిల్లా దాటి సముద్ర వేటకు వెళ్ళాలనుకునే వారికి ఇవే అంశాలు వర్తిస్తాయి. అదనంగా చట్టాన్నీ, తుఫానునూ చూడాలి. ఆంధ్రప్రదేశ్‌తో సహా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలతో వేట నిషేధం. చేపల సంతానోత్పత్తి కోసం ఈ విరామం. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుండి జూలై 31 వరకు ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా అక్టోబర్ నుండి డిసెంబర్ వరకు, తిరిగి మే నెలలో వస్తాయి. వీటిని తీసివేస్తే తూర్పు తీరానికి జనవరి నుండి మార్చి వరకు అనువైన కాలం మిగులుతుంది. పెద్ద పార జాతి చేపల క్రీడా వేటకు పేరొందిన అండమాన్ దీవులకు కూడా ఇంచుమించు ఇదే కాలంలో వేటగాళ్ళు వెళతారు.

1.6 ఒక అభ్యాసం

మీరు విడపనకల్లులో ఉంటున్నారనుకోండి. మే రెండవ వారం, ఆగస్టు 15 వారం, సంక్రాంతి: ఈ మూడింటిలో ఒకదానిని ఎంచుకోవాలి.

మే: వాన చెరువులు ఎండిపోయే కాలం. జలాశయంలో తల్లిచేపలే మిగిలి ఉంటాయి. సముద్రంలో నిషేధం. మూడు విధాలా తగదు.

ఆగస్టు: గుడ్లు పెట్టే కాలం, బురద నీరు. పైగా నిండుగా పారే కాలువలో ప్రాణాపాయం ఉంది. ఏటవాలు సిమెంటు గట్టు మీద కాలు జారితే పైకి రావడం కష్టం. ఇదీ తగదు.

సంక్రాంతి: నీరు తేటగా, చల్లగా ఉంటుంది. ప్రధాన జాతుల సంతానోత్పత్తి ముగిసి ఉంటుంది. సముద్రంలో తుఫానుల ఉధృతి తగ్గి ఉంటుంది. ఇదే అనువైనది.

అయితే కాలం అనేది సగటు మాత్రమే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయి, నదిలోకి భారీగా నీరు వదలవలసి వచ్చింది. ఏ క్యాలెండరూ దీనిని ముందుగా చెప్పలేదు. కనుక నెలను ఎంచుకున్న తరువాత కూడా, బయలుదేరే ముందు నీటి విడుదల, వాతావరణ హెచ్చరికలు తెలుసుకోండి. చెరువులలో చేపల హక్కు తరచుగా మత్స్యకారుల సహకార సంఘానికి లీజుకు ఉంటుంది. జలాశయాలలో మత్స్య శాఖ లైసెన్సు అవసరమవుతుంది. గాలం వేసే ముందు అనుమతి అడగడం మీ బాధ్యత. మీకు కాలక్షేపమైనది వారికి జీవనోపాధి.

1.7 సారాంశం

ఉష్ణమండలంలో వేట కాలాన్ని వాన నిర్ణయిస్తుంది. నీరు నిలకడగా ఉందా, చేప గుడ్లు పెట్టే కాలం దాటిందా, నీరు చల్లగా ఉందా, చట్టమూ వాతావరణమూ అనుకూలమా అనే నాలుగు ప్రశ్నలకూ అవునని జవాబు వచ్చిన నెలే అనువైన నెల. విడపనకల్లు ప్రాంతంలో వాన బాగా కురిసిన ఏడాది అది డిసెంబర్ నుండి ఫిబ్రవరి వరకు ఉంటుంది. వాన కురవని ఏడాది చెరువులో వేట కాలమే ఉండకపోవచ్చు. దానిని అంగీకరించడం కూడా ఎంపికలో భాగమే.

1.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎండిపోయే చెరువులోనూ, ఏడాదంతా నీరుండే జలాశయంలోనూ వేసవి వేటను ఒకే విధంగా ఎందుకు చూడకూడదు?
2. కొరమీను పిల్లల గుంపు కనబడిన చోట గాలం వేయడం వల్ల కలిగే నష్టమేమిటి?
3. మీ ఊరి చెరువుకు లేదా దగ్గరి జలాశయానికి నీరు వచ్చే నెలలను పెద్దలను అడిగి తెలుసుకొని, పన్నెండు నెలల పట్టిక తయారు చేయండి. వేట మానవలసిన నెలలను కారణాలతో గుర్తించండి.