తెలుగులో క్రియారీతి: ధ్వన్యనుకరణ పదాల పాత్ర

ఒక పని జరిగిందని చెప్పడం వేరు, అది ఏ రీతిలో జరిగిందో చెప్పడం వేరు. ఈ రెండో బాధ్యతను తెలుగు వ్యాకరణ పాఠాలు సాధారణంగా క్రియావిశేషణానికి అప్పగించి, ‘నెమ్మదిగా’, ‘అందంగా’ వంటి ‘గా’ చేరిన రూపాలను ఉదాహరించి ముగిస్తాయి. అయితే ‘గా’ రీతికి మాత్రమే గుర్తు కాదు. ‘త్వరగా తిన్నాడు’ అన్నప్పుడు తినే తీరు తెలుస్తుంది. ‘అన్నం వేడిగా తిన్నాడు’ అన్నప్పుడు ఆ వేడి తినడానిది కాదు, అన్నానిది. ‘అధ్యాపకుడుగా పనిచేశాడు’ అన్నచోట అదే ప్రత్యయం హోదాను తెలుపుతుంది. పరిశీలన ‘గా’ దగ్గరే ఆగితే విషయంలో సగం కూడా చేతికందదు.

చలనాన్ని తెలిపే క్రియల విషయంలో లెనర్డ్ టాల్మీ 1985లో వివరించిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇంగ్లీషు వంటి భాషల్లో చలనరీతి క్రియాధాతువులోనే ఇమిడి ఉంటుంది. మార్గాన్ని వేరే పదం చెబుతుంది. స్పానిష్ వంటి భాషల్లో మార్గం ప్రధానక్రియలో ఉంటుంది. రీతిని చెప్పాలంటే అదనంగా మరో పదం చేర్చాలి. ‘బంతి దొర్లుకుంటూ గదిలోకి వచ్చింది’ అనే వాక్యంలో దొర్లడం అసమాపక క్రియగా నిలిచింది. దాన్ని తొలగించినా వాక్యం చెడదు. ఈ లెక్కన తెలుగు రెండో వర్గానికి దగ్గర. ‘గదిలోకి పరుగెత్తాడు’ అనడమూ తెలుగుకు సహజమే కనుక ఆ వర్గంలో అది పూర్తిగా ఒదగదు.

రెండో వర్గపు భాషల్లో కథకులు చలనరీతిని తక్కువగా ప్రస్తావిస్తారని డాన్ స్లోబిన్ పరిశోధనలు సూచించాయి. తెలుగు కథనం విన్నవారికి ఈ మాట కొంత వింతగా తోస్తుంది. గబగబా, చరచరా, బిరబిరా, తడబడుతూ నడిచేవారు మన కథల నిండా ఉంటారు. ధాతువు మోయని బరువును ఈ పదాలు మోస్తున్నాయి.

మరీ ఎమెనో 1969లో ఇటువంటి పదాలను భారతీయ భాషల ఉమ్మడి లక్షణాల్లో ఒకటిగా చర్చించారు. తెలుగులో వీటికి స్థిరపడిన ‘ధ్వన్యనుకరణం’ అనే పేరు పాక్షికంగానే సరిపోతుంది. ‘గలగల’లో ధ్వని ఉంది. ‘తళతళ’లో ఉన్నది కాంతి, కడుపు ‘నకనక’లాడడంలో ఉన్నది ఆకలి బాధ. చెవికి వినిపించని అనుభవాలనూ ఇవి శబ్దరూపంలో పట్టుకుంటాయి.

వీటి నిర్మాణంలో క్రమం ఉంది. ‘గటగటా తాగాడు’, ‘గుటుక్కున మింగాడు’ అనే వాక్యాలను పోల్చవచ్చు. మొదటిదాని ద్విరుక్తి పని కొనసాగడాన్ని తెలిపితే, రెండోదాని ‘ఉన’ అది ఒక్కసారిగా ముగియడాన్ని తెలుపుతుంది. ‘టపటపా’, ‘టప్పున’ జంటలోనూ ఇదే భేదం. ‘గిరగిరా’, ‘గిర్రున’ మాత్రం ఈ సూత్రానికి పూర్తిగా లొంగవు. గిర్రున తిరిగే చక్రం ఒక్క చుట్టుతో ఆగనక్కరలేదు, అక్కడి తేడా వేగంలో, ఊపులో ఉంది. ఏమైనా ఈ పదాలు కేవలం అలంకారాలు కావు. పని కాలంలో పరుచుకునే తీరును చెప్పే వ్యాకరణ బాధ్యతనూ ఇవి పంచుకుంటున్నాయి.

కర్తపైనా ఇవి నిబంధన పెడతాయి. ‘పిల్లలు బిలబిలా బయటికి వచ్చారు’ అనవచ్చు. ఒక్క పిల్లవాడు బిలబిలా రాలేడు. కొన్ని పదాలు క్రియను ముందే నిర్ణయిస్తాయి: ‘పకపకా’ అనగానే నవ్వు తప్ప మరొకటి స్ఫురించదు. ‘వెలవెల’ మామూలుగా ‘పోవు’తో, ‘నకనక’ ‘ఆడు’తో జతకడతాయి.

నిఘంటువులో ఇటువంటి పదానికి ‘ధ్వన్యనుకరణం’ అని మాత్రమే రాస్తే, తెలుగును కొత్తగా నేర్చుకునేవారు ‘ఒక పిల్లవాడు బిలబిలా వచ్చాడు’ అని రాయకుండా ఆపేదేమీ ఉండదు. ఆరోపంలో అర్థంతోపాటు ఏ క్రియతో కలుస్తుంది, కర్త ఏకవచనంలో ఉండవచ్చా, ‘ఉన’ చేరే జంటరూపం ఉందా అనే మూడు వివరాలైనా చేరాలి. అనువాదకుడికీ ఇవే అవసరం: ‘గుటుక్కున’ను ‘త్వరగా’ అని మార్చినచోట వేగం మిగులుతుంది, ఒక్క గుక్కలో ముగిసిందన్న సమాచారం పోతుంది.