మంట లేని మంట: విద్యుత్ కుంపటిని ఎంచుకోవడం ఎలా?



కిందటి శీతాకాలంలో నా పాత విద్యార్థి ఒకడు ఇంగ్లండు నుంచి ఫోన్ చేశాడు. పై చదువుకు వెళ్ళి, మరో ఇద్దరితో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాడు. "మాస్టారూ, ఇక్కడ మంట కనిపించే ఎలక్ట్రిక్ హీటర్లు అమ్ముతున్నారు. ఖరీదైనది కొంటే వేడి ఎక్కువ వస్తుందా? కరెంటు తక్కువ కాలుతుందా? బిల్లు మేమే కట్టుకోవాలి" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. ఆ జవాబే ఈనాటి మన పాఠం.

ముందుగా, ఈ పరికరం ఎందుకు పుట్టిందో చూద్దాం. మనకు చలిమంట అంటే ఆరుబయట వేసుకునేది. ఇంగ్లండులో అలా కాదు. గదిలోనే గోడకు ఫైర్‌ప్లేస్ కట్టి, అందులో బొగ్గు కాల్చి, పొగను గొట్టం ద్వారా పైకి పంపేవారు. వేడిలో ఎక్కువ భాగం కూడా ఆ పొగతోనే బయటికి పోయేది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ నగరాన్ని బొగ్గుపొగ, మంచు కలిసి కమ్మేశాయి. అప్పటి లెక్కల ప్రకారమే సుమారు 4,000 మంది మరణించారు. తరువాత 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. క్రమంగా బొగ్గు స్థానంలోకి పొగరాని ఇంధనాలు, గ్యాసు, విద్యుత్తు వచ్చాయి. కాని మంటను చూస్తూ కూర్చునే అలవాటు పోలేదు. ఆ అలవాటును తీర్చేదే మంట కనిపించే విద్యుత్ కుంపటి.

ఇందులో రెండు వేరు వేరు భాగాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఒకటి కంటికి, రెండవది ఒంటికి.

కంటికి కనిపించే మంట ఎలా వస్తుంది? పాత నమూనాలలో ఎర్రని బల్బు, దానిపైన తేలికపాటి రేకు చక్రం ఉండేవి. బల్బు వేడికి గాలి వ్యాకోచించి పైకి లేస్తుంది. ఆ గాలికి చక్రం తిరుగుతుంది. దాని నీడలు కృత్రిమ బొగ్గుల మీద కదులుతూ మంటలా కనిపిస్తాయి. ఇది ఉష్ణ సంవహనానికి చక్కని ఉదాహరణ. తరువాతి నమూనాలలో చిన్న మోటారు ఒక కడ్డీని తిప్పుతుంది. కడ్డీకి అంటించిన మెరుపు రేకులు ఎల్.ఇ.డి. కాంతిని తెర మీదికి పరావర్తనం చేస్తాయి. మరో రకంలో అతిధ్వని తరంగాలతో నీటిని సన్నని తుంపరగా మార్చి, కింది నుంచి నారింజరంగు కాంతి ప్రసరింపజేస్తారు. చూడటానికి పొగతో కూడిన మంటే! చెయ్యి పెడితే మాత్రం చల్లగా ఉంటుంది. ఈ రకానికి నీరు పోస్తూ, తొట్టిని శుభ్రం చేస్తూ ఉండాలి.

ఒంటికి తగిలే వేడి మాత్రం నిరోధక తీగ నుంచి వస్తుంది. సాధారణంగా హీటరు 1,000 లేదా 2,000 వాట్లు ఉంటుంది. ఫ్యాను ఆ వేడిని గదిలోకి తోస్తుంది. మంట బొమ్మకు కావలసినది కొద్ది వాట్లు మాత్రమే. 10 వాట్ల బొమ్మను రోజుకు 5 గంటలు వెలిగిస్తే ఖర్చయ్యేది 0.05 యూనిట్లు. 2,000 వాట్ల హీటరును అంతేసేపు పూర్తిగా నడిపితే 10 యూనిట్లు, నెలకు 300 యూనిట్లు. ఈ సంఖ్యను మీ ఊరి యూనిట్ ధరతో గుణించి చూడండి. చలి లేని సాయంత్రం బొమ్మను మాత్రమే వేసుకునేలా వేరు స్విచ్చి ఉందా అన్నది అందుకే ముఖ్యం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఖరీదైనది ఎక్కువ వేడినిస్తుందా? ఇవ్వదు. నిరోధక హీటరు తీసుకున్న ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్ళ వేడిగా మారుతుంది. చవకదైనా అంతే, ఖరీదైనదైనా అంతే. ఎక్కువ ధర చెల్లించేది అందానికి, అదుపుకు. గది వెచ్చబడగానే దానంతట అది ఆగే థర్మోస్టాట్, సమయం పెట్టుకునే టైమరు ఉంటే ఆ డబ్బు కొంత తిరిగి వస్తుంది. తక్కువ కరెంటుతో నిజంగా ఎక్కువ వేడి కావాలంటే హీట్ పంపు కావాలి. అది వేడిని పుట్టించదు. బయటి గాలిలోని వేడిని లోపలికి చేరవేస్తుంది. అందువల్ల ఒక యూనిట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు.

ఎన్ని వాట్లు కావాలి? 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. దాని ద్రవ్యరాశి సుమారు 43 కిలోలు. దానిని 10 డిగ్రీలు వేడి చేయడానికి సుమారు 4,30,000 జౌళ్ళు చాలు. 2,000 వాట్ల హీటరుకు అది నాలుగు నిమిషాల లోపు పని. మరి గంట గడిచినా గది ఎందుకు వెచ్చబడదు? గోడలు, కిటికీ అద్దాలు, తలుపు సందులు, పాత పొగగొట్టం వేడిని తాగేస్తాయి కనుక! హీటరు కొనేముందు సందులు మూయడమే మొదటి పొదుపు.

భద్రత సంగతి మరీ ముఖ్యం. 230 వోల్టుల వద్ద 2,000 వాట్ల హీటరు సుమారు 8.7 ఆంపియర్ల ప్రవాహం తీసుకుంటుంది. మన ఇళ్ళలోని 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు, 16 ఆంపియర్లది ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఒక వదులు అతుకు 0.2 ఓముల నిరోధం చూపిందనుకుందాం. ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సుమారు 15 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు అంత వేడి చాలు! అది ప్లాస్టిక్ బోర్డు లోపల, మీరు నిద్రపోతున్నప్పుడు పుడుతుంది. కాబట్టి హీటరును నేరుగా గోడ సాకెట్టుకే తగిలించండి. ఎర్త్ తీగ, అతిగా వేడెక్కితే ఆగిపోయే ఏర్పాటు, మన దేశంలోనైతే ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోండి. పరదాలు, పరుపులు కనీసం ఒక మీటరు దూరంలో ఉంచండి. దాని మీద బట్టలు ఆరవేయకండి.

హీటరు గదిలోని ఆక్సిజన్‌ను కాల్చేస్తుందని కొందరంటారు. విద్యుత్ హీటరులో దహనమే లేదు. తేమను తాగేస్తుందన్నదీ నిజం కాదు. గాలి వేడెక్కితే తేమ అంతే ఉండి, సాపేక్ష ఆర్ద్రత తగ్గుతుంది, అందుకే పెదవులు పొడిబారతాయి. అసలు ప్రమాదం మూసిన గదిలో వెలిగించిన బొగ్గు కుంపటిది. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఉత్తర భారతంలో చలికాలంలో అంగీఠీ పక్కన నిద్రించి, తిరిగి లేవని కుటుంబాల వార్తలు మీరు చదివే ఉంటారు.

ఇవన్నీ చెప్పి, "ఇప్పుడు వాడుతున్న హీటరును దేనికి తగిలించావు?" అని నా విద్యార్థిని అడిగాను. కాసేపు మాట లేదు. తరువాత, "ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మాస్టారూ. చెయ్యి పెట్టి చూశాను, వేడిగా ఉంది" అన్నాడు. వెంటనే తీసేయించాను. వారం తరువాత, తలుపు కింది సందు మూసి, థర్మోస్టాట్ ఉన్న ఒక మామూలు నమూనా కొన్నానని చెప్పాడు.

అభ్యాసం: మీ ఇంట్లో హీటరు, ఇస్త్రీపెట్టె, గీజరు వంటి వాటిపై రాసి ఉన్న వాట్లను నమోదు చేయండి. ఒక్కొక్కటి ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో లెక్కకట్టి, దానిని తగిలించిన సాకెట్టు సామర్థ్యంతో పోల్చండి. తేడా కనిపిస్తే ఆ రోజే ఇంట్లో పెద్దలకు చెప్పండి.