కాలేజీ గేటు దాటి లోపలికి

ఇంటరు పాసైన కూతుర్ని కాలేజీలో చేర్చడానికి తల్లులు కూడా వస్తారు. కానీ చాలామంది గేటు దగ్గరే ఆగిపోతారు. "చదువుకున్నోళ్లు తిరిగే చోటు. మనకేం తెలుస్తది?" అంటారు. తండ్రో, అన్నో లోపలికి వెళ్లి సంతకం పెట్టి వస్తాడు. తల్లి చెట్టు కింద కూర్చుంటుంది.

సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసి కొంటారు. మరి కూతుర్ని ఏళ్ల తరబడి పంపే చోటును చూడకుండా ఎలా?

చిన్న ఊళ్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అంటే పెద్ద భవనాలేమీ ఉండవు. రెండంతస్తుల బిల్డింగు, పక్కన రేకుల షెడ్డు, ఒక మైదానం, నాలుగు వేపచెట్లు. అయినా ప్రతి గదికీ ఒక పని ఉంటుంది. తలుపుల మీద బోర్డులు ఉంటాయి. అక్షరాలు వచ్చినవాళ్లు ఆ బోర్డులు చదువుకుంటూ కాలేజీ అంతా తిరగొచ్చు. కొన్ని బోర్డులు ఇంగ్లీషులో ఉంటాయి. అప్పుడు అటెండరును అడగాలి. అడగడం తప్పు కాదు.

ఆఫీసు గది

అడ్మిషన్ ఇక్కడే జరుగుతుంది. పదో తరగతి, ఇంటరు మార్కుల పత్రాలు, టి.సి., ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకెళ్లాలి. ఉపకార వేతనం కోసం తహసీల్దారు ఇచ్చే కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు కూడా కావాలి.

డబ్బు కడితే రశీదు అడిగి తీసుకోవాలి. అందులో అమ్మాయి పేరు, తేదీ, రూపాయలు సరిగ్గా ఉన్నాయా అని అక్కడే చదువుకోవాలి. ఆ రశీదును ఇంట్లో భద్రంగా దాచాలి.

ఇంకో మాట. డిగ్రీ కాలేజీలు విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. యూజీసీ అంటే కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ. కాలేజీ వాళ్లు అసలు పత్రాలు చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలి. నకళ్లు మాత్రం ఉంచుకోవచ్చు.

నోటీసు బోర్డు

ఇది వరండాలో, అందరికీ కనిపించే చోట ఉంటుంది. ఫీజు కట్టే ఆఖరి తేదీ, పరీక్షల తేదీలు, ఉపకార వేతనం దరఖాస్తు గడువు ఇక్కడ అతికిస్తారు. గడువు దాటితే ఒక్కోసారి ఏడాది డబ్బు పోతుంది. అందుకే కాలేజీకి వెళ్లినప్పుడల్లా ఒకసారి చూడాలి.

ర్యాగింగ్ గురించి కూడా ఇక్కడ రాసి ఉండాలి. పెద్ద క్లాసుల వాళ్లు కొత్తవాళ్లను ఏడిపించడం, అవమానించడం ర్యాగింగ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దీని మీద చట్టం వచ్చింది. అది నేరం. 1800 180 5522 నంబరుకు రాత్రయినా పగలయినా ఫోను చేయొచ్చు.

ల్యాబు

సైన్సు చదివే పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే గది ఇది. బల్లల మీద గాజు సీసాలు, గ్యాసు మంట, యాసిడ్లు ఉంటాయి. కాగుతున్న నూనెలో నీటి చుక్క పడితే ఎలా చిందుతుందో అందరికీ తెలుసు. గాఢమైన యాసిడ్‌లో నీళ్లు పోసినా అంతే, వేడెక్కి ముఖం మీదికి చిందుతుంది. అందుకే నీళ్లలో యాసిడ్‌ను కొంచెం కొంచెంగా పోస్తారు.

ల్యాబులో చూడాల్సినవి మూడు. నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు, మందుల పెట్టె, ధారాళంగా వచ్చే నీటి కుళాయి. ఈ మూడూ లేని ల్యాబు ప్రమాదం.

లైబ్రరీ

అన్ని పుస్తకాలూ కొనాలంటే కూలి డబ్బులు చాలవు. లైబ్రరీ ఉన్నది అందుకే. కార్డు మీద పుస్తకం ఇంటికి ఇస్తారు. గడువులోగా తిరిగి ఇవ్వాలి. నిఘంటువుల్లాంటి పెద్ద పుస్తకాలు మాత్రం అక్కడే కూర్చుని చదవాలి. బీరువాలకు ఎప్పుడూ తాళం వేసి ఉంటే పుస్తకాలున్నా లేనట్టే. తాళం ఎప్పుడు తీస్తారో అడగాలి.

మరుగుదొడ్డి

అడగడానికి సిగ్గుపడే గది ఇది. కానీ ముందుగా చూడాల్సింది దీన్నే. మరుగుదొడ్డి బాగా లేకపోతే ఆడపిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. దానివల్ల మూత్రంలో మంట, జబ్బు వస్తాయి. నెలసరి రోజుల్లో కాలేజీ మానేస్తారు. అలా పాఠాలు పోతాయి, ఒక్కోసారి చదువే ఆగిపోతుంది.

తలుపు ఉందా? లోపలి గడియ పడుతుందా? నీళ్లు వస్తున్నాయా? లైటు వెలుగుతుందా? వాడిన బట్టలు, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? తల్లి స్వయంగా వెళ్లి చూడాలి.

ఆడపిల్లల రక్షణకు

2013లో ఒక చట్టం వచ్చింది. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు. సభ్యుల్లో సగం మందైనా మహిళలే ఉండాలి. కాలేజీల్లో చదివే పిల్లల కోసం యూజీసీ 2015లో విడిగా నియమాలు పెట్టింది. కమిటీలో ఎవరెవరు ఉన్నారో కాలేజీలో రాసి పెట్టాలి. ఆ పేర్లు అమ్మాయి చేత నోటు పుస్తకంలో రాయించండి.

నడవలేని పిల్లల కోసం మెట్ల పక్కన వాలు దారి ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ మాట చెబుతోంది.

లేకపోతే ఏం చేయాలి?

నోటిమాటగా చెబితే గాలికి పోతుంది. కాగితం మీద రాస్తే నిలుస్తుంది. నలుగురు తల్లులు కలిసి ఒక అర్జీ రాయొచ్చు. ఇలా రాస్తే చాలు:

"ప్రిన్సిపాల్ గారికి, నమస్కారం. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదు. నీళ్లు రావడం లేదు. పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. వెంటనే బాగు చేయించగలరు. ఇట్లు, విద్యార్థినుల తల్లులు."

కింద అందరూ సంతకాలు పెట్టాలి. తేదీ వేయాలి. రెండు కాపీలు రాయాలి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి.

తల్లులకూ చదువుంది

చదువు పిల్లలకే కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు ఉంది. 14 ఏళ్లు నిండినవాళ్లు అందులో చేరి పదో తరగతి పరీక్ష రాయొచ్చు. హైదరాబాదులో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఇప్పుడు అంబేద్కర్ పేరు ఉంది. తెలంగాణలో చాలా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో దాని స్టడీ సెంటర్లు ఉన్నాయి. పనిచేసుకుంటూ చదివేవాళ్ల కోసమే అవి పెట్టారు. కూతురు చదివే కాలేజీలోనే తల్లికీ ఒక బెంచీ దొరకవచ్చు.

చర్చించుకోండి

1. మీ ఊరికి దగ్గర్లో ఉన్న కాలేజీలో ఆడపిల్లలకు ఏ సౌకర్యాలు ఉన్నాయి? ఏవి లేవు?
2. మీ ఊళ్లో చదువు మానేసిన ఆడపిల్లలు ఎందుకు మానేశారు?
3. కాలేజీకి రాయాల్సిన అర్జీ ఏదైనా ఉందా? అందరూ కలిసి రాయండి.