పెరటి కోడీ, కలికుండా

తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనకందరికీ తెలిసిందే. తరగతిలో ఆ కథ చెప్పి పిల్లల్ని ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు. నాలుగేళ్ళ నుంచి మాత్రం నవ్వించడం మానుకున్నాను. ఎందుచేతనంటే, అటువంటి ముసలమ్మ ఒకావిడ మా ఇంట్లోనే ఉన్నది. ఆవిడ కోడి కూసిన తర్వాతనే మాకు తెల్లవారుతున్నది!

మేముండేది మదనపల్లెలో. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఈ ఊరికి వచ్చినప్పుడు ‘జనగణమన’ను ఆంగ్లంలోకి మార్చి, దానికి ప్రభాతగీతమని అర్థం వచ్చే పేరు పెట్టారని మా ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. అంతటి ప్రభాతాల ఊళ్ళో నేను మాత్రం గడియారం గణగణ మోగితే గాని లేచేదాన్ని కాదు.

మా మామగారు పోయిన తర్వాత, పుంగనూరు దగ్గర పల్లెలో ఒంటరిగా మిగిలిన మా అత్తగారిని ఇక్కడికి తీసుకువచ్చాము. పుంగనూరంటే లోకానికి పొట్టి ఆవులు జ్ఞాపకం వస్తాయి. ఆవిడకు మాత్రం తన పెరట్లో తిరిగిన కోళ్ళే జ్ఞాపకం. ఇక్కడ గ్యాసు పొయ్యి, మిక్సీ, కుళాయి నీళ్ళు. ఏ పనికి వెళ్ళినా, “మీరు కూర్చోండత్తమ్మా” అనేదాన్ని. నేను మర్యాద చేస్తున్నాననుకున్నాను. ఒకనాడు ఆవిడ, “ఎంతసేపని కూర్చునేది తల్లీ? కూర్చున్న మనిషికి పొద్దు కూడా కదలదు” అన్నది. ఆ మాట నాకు ములుకులా గుచ్చుకున్నది. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

రంగురంగుల మోసం

దారి చూపించింది మా అమ్మాయి. బడినుంచి వస్తూ, సైకిలు మీద బుట్ట పెట్టుకు తిరిగే ఆసామి దగ్గర ఆరు కోడిపిల్లలు కొనుక్కు వచ్చింది. ఒకటి గులాబీ రంగు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా! చూడడానికి పూలగుత్తిలా ఉన్నాయి. మా అత్తగారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పింది. అది లేవలేక కాళ్ళు కొట్టుకున్నది. “రంగు చూసి కొన్నావు గదే పాపా, కాళ్ళు చూసి కొన్నావా?” అన్నది.

వారం తిరగకుండా ఆరూ పోయాయి. అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత తెలుసుకుంటే అసలు సంగతి తేలింది. గుడ్లకోసం పిల్లలను పొదిగించే కేంద్రాలలో పెట్టలనే ఉంచుకుంటారు. గుడ్డు పెట్టని పుంజుపిల్లలు వారికి దండగ. వాటిలో కొన్ని ఇలా రంగులద్దుకుని వీధుల్లోకి వస్తాయి. టీకా ఉండదు, వెచ్చదనం ఉండదు, దారిలో నీళ్ళు కూడా సరిగా ఉండవు. కనుక పాఠకులకు నా మొదటి మనవి: రంగుపిల్లలను కొనకండి, పిల్లలు ఏడ్చినా సరే.

మంచి పిల్లను ఎట్లా గుర్తుపట్టాలో మా అత్తగారు చెప్పిన లక్షణాలు, తర్వాత పశువైద్యుడు చెప్పిన లక్షణాలు ఒక్కటే అయినాయి. కళ్ళు మెరుస్తూ ఉండాలి. కాళ్ళు తిన్నగా, నిలదొక్కుకుని ఉండాలి. బొడ్డు ఆరి మూసుకుని ఉండాలి. వెనుక భాగాన రెట్ట అంటుకుని ఎండి ఉండరాదు. వెల్లకిలా పడుకోబెడితే తటాలున తిరిగి లేవాలి.

కాళ్ళ మాట వచ్చింది గనుక ఒక విశేషం చెబుతాను. ఇంటికోళ్ళకు మూలపురుషుడు ఎర్ర అడవికోడి. కాని పసుపు చర్మం, పసుపు కాళ్ళు ఇచ్చే గుణం మాత్రం మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రపంచంలో పసుపు కాళ్ళ కోడి ఎక్కడ నడిచినా, దానికి మన వైపు చుట్టరికం ఉన్నదన్నమాట!

కుప్పం నుంచి వచ్చిన పెట్ట

నా పుట్టిల్లు కుప్పం. అక్కడ ఒక అడుగు తమిళంలోను, ఒక అడుగు కన్నడంలోను పడుతుంది. సంతలో మనం ‘కోడి’ అంటే తమిళులూ కన్నడిగులూ ‘కోళి’ అంటారు. మన పాలు కన్నడంలో ‘హాలు’ అయినట్టే, మన పుంజు అక్కడ ‘హుంజ’ అవుతుంది. తెలుగు పాఠాలు చెప్పే నాకు ఇటువంటివి వెంటనే తడతాయి. క్రీడాభిరామంలో ఓరుగల్లు కోడిపందెమూ, పల్నాటి వీరచరిత్రలోని కోడిపోరూ ఎన్నోసార్లు పాఠం చెప్పాను. తీరా చూస్తే ఆ రెండు చోట్లా పేరంతా పుంజుదే. పెట్ట పొదుగుకు కూర్చుంటే ఏం చెయ్యాలో నాకు బొత్తిగా తెలియదు!

పండుగకు వెళ్ళినప్పుడు మా అమ్మ పొదుగుకు వచ్చిన నాటుపెట్ట నొకదాన్ని, పన్నెండు గుడ్లను ఇచ్చింది. మా అత్తగారు గంపలో గడ్డి పరిచి, పెరటి మూల చీకటిలో పెట్టను కూర్చోబెట్టింది. ఏడోనాటి రాత్రి టార్చిలైటు మీద గుడ్లను ఒక్కొక్కటే చూసింది. సన్నని ఎర్రటి నరాలు కనిపించినవి బతికిన గుడ్లు. ఖాళీగా కనిపించిన ఒక్కదాన్ని తీసేసింది. ఇరవై ఒకటో రోజున పదకొండు పిల్లలు కిచకిచమన్నాయి. ఆనాడు మా అత్తగారి ముఖం చూడవలసింది!

తల్లికోడి ఉంటే వెచ్చదనం సంగతి ఆ తల్లే చూసుకుంటుంది. పిల్లలను కొని తెచ్చుకున్నవారు మాత్రం మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉంచి, వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించాలి. ఉష్ణమాపకం లేకపోయినా ఫరవాలేదు. పిల్లలన్నీ దీపం కింద కుప్పగా చేరితే చలి. దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే ఉక్క. అంతటా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయిందన్నమాట. నీళ్ళు లోతులేని పళ్ళెంలో పోసి, మధ్య గులకరాళ్ళు వెయ్యండి. లేకుంటే పిల్లలు మునిగిపోతాయి.

నాటుకోడి ఏడాదికి యాభై అరవై గుడ్లకు మించి పెట్టడం అరుదు. ఎక్కువ గుడ్లు కావాలనుకునేవారు హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన కేంద్రం పెరళ్ళకోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెంచుకోవచ్చు. అవి నాటుకోడికి రెట్టింపు, అంతకు మించీ పెడతాయి. అయితే వాటికి పొదిగే బుద్ధి తక్కువ. అందుచేత మేము గ్రామప్రియ పిల్లలను కూడా కొన్ని తెచ్చుకున్నాము. కొత్తవాటిని రెండు వారాలపాటు విడిగా ఉంచిన తర్వాతనే పాతవాటితో కలపాలి సుమా!

పులుపు వేరు, బూజు వేరు

ఇక మేత. గింజలను పులియబెట్టి పెడితే కోళ్ళకు మంచిదని నేనెక్కడో చదివి, పెద్ద కొత్త సంగతిలా ఆవిడకు చెప్పాను. మా అత్తగారు పకపక నవ్వింది. “కలికుండ గదా! దీనికి పుస్తకమెందుకమ్మాయీ? మా ఇంట్లో మనుషులూ అదే తాగిరి, కోళ్ళూ అదే తినె” అన్నది.

ఆవిడ పద్ధతి ఇది. రెండు వంతుల నూకలు, ఒక వంతు సద్దలు, చారెడు రాగులు కడిగి మట్టికుండలో పోస్తుంది. గింజల మీద రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళుండాలి. గుడ్డ వాసెన కట్టి నీడన పెట్టి, ఉదయం సాయంత్రం కలుపుతుంది. ఎండాకాలంలో ఒకటిన్నర రోజు, చలికాలంలో మూడు రోజులు పడుతుంది. చిన్న బుడగలు వచ్చి, పులిసిన పిండి వాసన వేస్తే తయారైనట్టు. గింజలు వడగట్టి పెట్టి, ఆ పులిసిన నీళ్ళను తర్వాతి కుండకు తోడుగా వాడుతుంది. పాలకు చేమిరి ఎటువంటిదో గింజలకు ఆ నీళ్ళు అటువంటివి. రాగి, అల్యూమినియం పాత్రలు పులుపుకు పనికిరావు.

ఇందులో శాస్త్రమేమిటంటే, పెరుగును తోడుబెట్టే జాతి సూక్ష్మజీవులే ఇక్కడా పనిచేసి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ఆమ్లంలో చెడ్డ క్రిములు పెరగలేవు. గింజలో బిగుసుకుని ఉన్న భాస్వరం వంటి లవణాలు కొంత విడివడి ఒంటికి పడతాయి. అరగంటలో తినగలిగినంతే వేసి, మిగిలినది ఎత్తివేసి, తొట్టి కడగాలి. చిన్న పిల్లలకు నెల నిండేవరకు పొడి మేతే మంచిది. తర్వాత కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇక నా ఘనకార్యం వినండి. మొదటి పిల్లలు రెండు నెలలవైనాయి. మా అత్తగారు బంధువుల పెళ్ళికని పల్లెకు వెళ్ళి పది రోజులు ఉండిపోయింది. ముసురు పట్టింది. గోనెసంచిలోని వేరుశనగ చెక్కకు చెమ్మ తగిలి, అక్కడక్కడ పచ్చగా పట్టింది. “ఎలాగూ పులియబెట్టేదే గదా!” అనుకుని, పైపైన గీకి గింజలతో పాటు నానబెట్టి రోజూ పెట్టాను. వారం తిరిగేసరికి పిల్లలు రెక్కలు వేలాడేసి, మేత ముట్టకుండా మూలలకు చేరాయి. పదకొండింటిలో ఐదు పోయాయి.

ఊరినుంచి వచ్చిన అత్తగారు నన్నేమీ అడగలేదు. తిన్నగా వెళ్ళి సంచిలో చెయ్యి పెట్టి వాసన చూసింది. “ఇది పులుపు కాదు తల్లీ, బూజు. నీకు అంత చదువు చెప్పినోళ్ళు వాసన చూసేది చెప్పలేదా?” అన్నది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అందుకే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పశువైద్యుడు ఒక పిల్లను కోసి, ఉబ్బి పాలిపోయిన కాలేయాన్ని చూపించి, ఆవిడ మాటే చెప్పారు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. విచారిస్తే, బ్రెజిలు నుంచి తెప్పించిన వేరుశనగ చెక్కలోని బూజే అందుకు మూలమని బయటపడింది. ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది ఉడికించినా పోదు, పులియబెట్టినా పోదు, గీకినా పోదు. వేరుశనగ పండే మన రాయలసీమలో, పంట చివర వాన లేక బెట్ట పడితే ఈ బూజు కాయలోనే చేరుతుంది. కనుక చెక్కను తక్కువ తక్కువగా కొని, పొడిగా, నేల తగలకుండా ఉంచండి. పచ్చ, నలుపు, గులాబీ ఏ రంగు బూజు కనిపించినా మొత్తం పారవెయ్యండి. కోళ్ళకు వద్దని ఆవుకు పెట్టకండి. ఆ విషం పాలలోకి కూడా దిగుతుంది.

గింజ ఒక్కటే చాలదు

గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. మన ధాన్యాలన్నిటిలో కాల్షియానికి పేరుపడ్డ రాగులలోనే నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల చిల్లర ఉంటుంది. అంటే ఒక్క గుడ్డుకోసం పెట్ట అరకిలోకు మించి రాగులు తినవలసి ఉంటుంది. అది రోజంతా తినేది నూరు నూటఇరవై గ్రాములే! కాబట్టి నలగగొట్టిన గుల్లలు గాని, వేయించి పొడి చేసిన గుడ్డు పెంకులు గాని ఒక చిప్పలో విడిగా పెట్టాలి. కావలసిన పెట్ట తానే తింటుంది.

మాంసకృత్తులకు మా అత్తగారి ఉపాయం చెదలు. పాతకుండలో తడిపేడ, గడ్డి కూరి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించి, తెల్లవారి ఎత్తితే కోళ్ళకు విందే! మునగాకు కూడా మంచిది.

అన్నిటికంటె ముఖ్యం టీకా. పల్లెల్లో పెరళ్ళను ఒక్క వారంలో ఖాళీ చేసేది కొక్కెర తెగులు. కుమావూఁ కొండల్లోని రాణీఖేత్ ఊరిపేరే దానికి స్థిరపడింది. దానికి మందు లేదు, టీకా ఒక్కటే శరణ్యం. మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో లసోటా చుక్క, నాలుగో వారంలో మరొకసారి, ఎనిమిదో వారంలో సూదిమందు. టీకాను చల్లగా తెచ్చి, కలిపిన వెంటనే వాడాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ సోకిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒకేసారి నాలుగైదు కోళ్ళు పోతే దాచిపెట్టక పశువుల ఆసుపత్రికి చెప్పండి. కోళ్ళను ముట్టినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోండి.

గుడ్ల డబ్బు

ఇప్పుడు మా పెరట్లో ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. రోజుకు నాలుగైదు గుడ్లు వస్తాయి. మేము తినగా మిగిలినవి వీధిలోవారు ఇంటికే వచ్చి కొనుక్కుంటారు. ఆ డబ్బు మా అత్తగారి కొంగుముడిలోకి పోతుంది. అందులో మేమెవరమూ వేలు పెట్టము.

క్రిందటి సంక్రాంతికి ముందు ఆవిడ కళ్ళజోడు కాడ విరిగింది. “కొత్తది చేయిస్తానమ్మా” అని మావారు రెండుసార్లు అని, పనుల్లో పడి మరచిపోయారు. ఒకనాడు నేను కళాశాల నుంచి వచ్చేసరికి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని మనవరాలితో కలికుండ కలిపిస్తూ కనిపించింది. “నా డబ్బే” అన్నది. ఆ రెండు ముక్కల్లో ఉన్న నిండుదనం నేనెన్నడూ వినలేదు.

ఇప్పుడు నేను కూడా కుండ దించేముందు వంగి వాసన చూస్తాను. సందేహం వస్తే, “అత్తమ్మా, ఒక్కసారి ఇటు రండి” అని పిలుస్తాను. “మీరు కూర్చోండత్తమ్మా” అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనడం లేదు. అన్నా, వినేందుకు ఆవిడకు తీరికేదీ?