రైతు ఆరోగ్యము: ముందు జాగ్రత్తయే పొదుపు

విత్తనశుద్ధి విలువ రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. పైరుకు తెగులు సోకిన పిదప మందు చల్లుటకంటె విత్తునకే మందు పట్టించుట చౌక. ఈ లెక్క మన శరీరమునకు కూడ వర్తించును. కాని వేరుసెనగ విత్తుపై చూపు శ్రద్ధ మనపై మనము చూపుట లేదు.

రైతుకు జబ్బు చేసినపుడు నష్టము రెండు విధములు. మందులకు, ప్రయాణమునకు అగు ఖర్చు కంటికి కనిపించును. తప్పిన అదను లెక్కకు రాదు. నాట్ల సమయమున యజమాని పది దినములు మంచము పట్టినచో నారు ముదురును, పిలకలు తగ్గును, కూలి ఖర్చు పెరుగును. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన తరువాత పెద్ద శస్త్రచికిత్సల ఖర్చు ఎన్నో పేద కుటుంబములకు తప్పినది. అయితే జారిపోయిన అదనును ఏ పథకమును తిరిగి ఈయజాలదు. అందుచేత ఈ క్రింది మూడు విషయములలో ముందుగనే జాగ్రత్త పడవలెను.

1. త్రాగునీరు: పొలము బావి నీరు త్రాగువారు దానిని బ్లీచింగు పౌడరుతో శుద్ధి చేయవలెను. బావి వ్యాసము 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అనుకొందము. 2ను 2తో, ఆపైన 3తో, 3.14తో హెచ్చించి 4చే భాగించిన 9.42 ఘనపు మీటర్లు, అనగా సుమారు 9,400 లీటర్లు వచ్చును. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాముల మంచి పౌడరు సరిపోవును. దీనిని బకెట్టు నీటిలో కలిపి 10 నిమిషములు కదపక ఉంచవలెను. పైన తేరిన నీటిని మాత్రము వేరొక బకెట్టులోనికి వంచి, తాడుతో బావిలోనికి దించి, నీటిని బాగుగ కలియబెట్టవలెను. అడుగున మిగిలిన సున్నమును బావిలో వేయరాదు. రాత్రి ఈ పని చేసి ఉదయము నీరు తోడుకొనవచ్చును. గాలి, వెలుతురు తగిలినచో పౌడరు బలము తగ్గును గనుక మూత బిగించి దాచవలెను. బురద నీటికి ఈ మోతాదు చాలదు. ఫ్లోరైడు దీనివలన పోదు.

2. పురుగుమందులు: మందు నోటినుండియే కాక చర్మము ద్వారా కూడ ఒంటిలోనికి పోవును. డబ్బాపై ఎర్ర త్రికోణము మిక్కిలి విషమునకు గుర్తు. పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు వరుసగా తక్కువ విషమును తెలుపును. నిండుచేతుల చొక్కా, చేతితొడుగులు, ముఖమునకు మాస్కు ధరించి, గాలి వీచు దిక్కుగా చల్లవలెను. మూసుకొనిపోయిన నాజిల్‌ను నోటితో ఊదరాదు. పని ముగియగనే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను వేరుగా ఉతకవలెను. తల తిరుగుట, వాంతి, విపరీతమైన చెమట కలిగినచో డబ్బా లేబులుతో సహా వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఒక సబ్బు ఖరీదుతో ఆసుపత్రి ఖర్చును పోల్చి చూడుడు.

3. రక్తపుపోటు: ఇది వేరుపురుగు వంటిది. పైకి పైరు పచ్చగనే ఉండును, లోపల వేరు తెగుచుండును. పక్షవాతము వచ్చు వరకు చాలమందికి తెలియదు. 30 ఏండ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగ పరీక్ష చేయించుకొనవలెను. కొలత 140/90 లేక అంతకు మించి మరల మరల వచ్చినచో డాక్టరు చెప్పిన మందును మానక వాడవలెను. బాగున్నదని మధ్యలో ఆపరాదు. ఊరగాయ, అప్పడములతో సహా ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు.

ఇక పొగాకు సంగతి. చుట్టకో, గుట్కాకో దినమునకు 20 రూపాయలు పోయినచో ఏడాదికి 7,300 రూపాయలగును. ఆ సొమ్ముతో ఒంటిలోనికి జబ్బునే కొని తెచ్చుకొనుచున్నాము.

తొలకరికి ముందు నాగలి, స్ప్రేయరు సరిచూచుకొనుట మనకు అలవాటు. ఆ దినముననే ఇంటిల్లిపాదికిని రక్తపుపోటు పరీక్ష చేయించి, బావి నీటిని శుద్ధి చేయుడు. ఆ ఒక్క దినపు పని మీ అదనును కాపాడును.