ఆ నీటి అణువు ఎక్కడుంది?

మనం మింగే మందుల్లో చాలావాటి పని ఏదో ఒక ఎంజైమును (రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రోటీన్‌ను) ఆపడమే. పెన్సిలిన్ బాక్టీరియా ఎంజైమును ఆపుతుంది, ఆస్పిరిన్ మన ఎంజైమునే ఆపుతుంది. ఈ రెండూ వాడకంలోకి వచ్చిన నాటికి ఆ ఎంజైములు ఎలా ఉంటాయో ఎవరూ చూడలేదు. మందు పనిచేసింది, కారణం తర్వాతెప్పుడో తెలిసింది.

ముందు ఎంజైము ఆకారం చూసి, దానికి తగ్గట్టు మందును కట్టుకుంటూ పోవడం మరో దారి. ఆ దారి గట్టిగా ఫలించిన తొలి సందర్భాల్లో ఎయిడ్స్ కలిగించే వైరస్ హెచ్ఐవీ ఒకటి.

హెచ్ఐవీ తనకు కావలసిన ప్రోటీన్లలో చాలావాటిని విడివిడిగా తయారు చేయించుకోదు. బట్టల తానులాగా పొడవాటి గొలుసుగా తయారు చేయించి, తర్వాత ముక్కలు చేయిస్తుంది. ఆ తానుకు కత్తెర ప్రోటియేజ్ (ప్రోటీన్లను తెంచే ఎంజైము). అది పనిచేయకపోతే వైరస్ కణం నుంచి బయటికి వస్తుంది గాని పక్వం కాదు, మరో కణానికి సోకలేదు. 1988 నాటికి ప్రయోగాలు దీన్ని రుజువు చేశాయి. ఇక తేలవలసింది ఆ కత్తెరను ఎలా ఆపాలన్నదే.

దాన్ని మామూలు సూక్ష్మదర్శినిలో చూడలేం. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి మొదలవుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. ప్రోటీన్‌లో పక్కపక్కనున్న రెండు కార్బన్ పరమాణువుల మధ్య దూరం ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్. అంత దగ్గరగా ఉన్నవాటిని వేరుగా చూపాలంటే తరంగం కూడా అంత పొట్టిదై ఉండాలి. ఎక్స్ కిరణాలు అలాంటివే. అయితే ఒక్క అణువు నుంచి చెదిరే కిరణాలు బొత్తిగా చాలవు. అందుకే స్ఫటికం కావాలి. అందులో లెక్కలేనన్ని అణువులు ఒకే తీరున బారులు తీరి ఉంటాయి. వాటినుంచి చెదిరిన కిరణాలు కొన్ని దిక్కుల్లో ఒకదానికొకటి బలమిస్తాయి (దీన్ని వివర్తనం అంటారు). చివరికి చేతికొచ్చేది బొమ్మ కాదు, చుక్కల వరసలు.

ప్రోటీన్ స్ఫటికం చేయడం పటికబెల్లం చేసినంత సులువు కాదు. శుద్ధి చేసిన ప్రోటీన్ బొట్టులో లవణాలో మరొకటో కలిపి, మూసిన అరలో ఉంచి, నీరు మెల్లగా ఆవిరయ్యేలా చూస్తారు. ఆమ్లత, ఉష్ణోగ్రత, లవణం మోతాదు మారుస్తూ వందల మిశ్రమాలు ప్రయత్నిస్తారు. ఇక్కడ సిద్ధాంతం కన్నా ఓపికే ఎక్కువ అక్కరకొస్తుంది. కొన్ని ప్రోటీన్లు ఎంత బతిమాలినా స్ఫటికం కావు.

చుక్కల నుంచి ఆకారానికి వెళ్లడంలో ఒక చిక్కుంది. చుక్క ఎంత ప్రకాశంగా ఉందో కొలవగలం. ఆ తరంగం శిఖరంతో వచ్చి పడిందా, లోయతో వచ్చి పడిందా అన్నది మాత్రం నమోదు కాదు. దాన్ని బరువైన పరమాణువులు చొప్పించో, ఆకారం ముందే తెలిసిన చుట్టం లాంటి ప్రోటీన్ సాయంతోనో రాబడతారు. అప్పుడు ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూపే పటం వస్తుంది. అందులో అమైనో ఆమ్లాల గొలుసును అమర్చేది మనిషి. అమరిక సాధ్యమైనదేనా అని చూడటానికి 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రకటించిన పటాన్నే నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. అంటే ప్రోటీన్ నిర్మాణం ఫొటో కాదు, కొలతల మీద నిలిచిన ఒక వ్యాఖ్యానం. 1989 ఫిబ్రవరిలో మెర్క్ కంపెనీ బృందం ప్రచురించిన హెచ్ఐవీ ప్రోటియేజ్ నిర్మాణంలో గొలుసు కొసలు సరిగా తేలలేదు. అదే ఏడాది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ బృందం రసాయనికంగా తయారుచేసిన ప్రోటీన్‌తో ఆ లోటు సరిదిద్దింది.

ఎలక్ట్రాన్ల పటం చూపినదేమిటి? ఈ ఎంజైము ఒకే రకమైన రెండు గొలుసుల జంట. ఒక్కో దానిలో 99 అమైనో ఆమ్లాలు. కోత జరిగే చోటు రెండూ కలిసే దగ్గరే ఉంది. అక్కడ చెరో గొలుసు నుంచి వచ్చిన ఒక్కో ఆస్పార్టిక్ ఆమ్లం ఎదురెదురుగా ఉంటుంది. పైన రెండు రెక్కలు మూసుకుంటాయి. నిరోధకాన్ని (ఎంజైమును ఆపే అణువును) పెట్టి చూస్తే, దానికీ రెక్కలకూ మధ్య ఒక నీటి అణువు హైడ్రోజన్ బంధాలతో పట్టు కలుపుతూ కనిపించింది. మన కడుపులోని పెప్సిన్ ఇదే కుటుంబానిది, కానీ దానిలో ఈ ఏర్పాటు లేదు. వైరస్ ఎంజైమును మాత్రమే పట్టుకుని మనదాన్ని వదిలేయడానికి అది ఒక గుర్తు.

డ్యూపాంట్ మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ నీటిని తోసేసి, దాని స్థానంలో మందులోని ఆక్సిజన్‌నే కూర్చోబెట్టాలనుకున్నారు. అలా ఉంగరం ఆకారపు యూరియా అణువులు పుట్టాయి. 1994లో ఫలితం ప్రచురించారు. స్ఫటికంలో చూస్తే అణువు అనుకున్న చోటే కూర్చుంది. ఇంతకన్నా ముచ్చటైన రూపకల్పన నాకు తెలిసి తక్కువ. అయినా అది మందు కాలేదు. మింగితే రక్తంలోకి నిలకడగా చేరలేదు. ఎంజైములో ఏది ఇముడుతుందో స్ఫటికం చెప్పగలదు. పేగు దేన్ని పీల్చుకుంటుందో, కాలేయం దేన్ని విరగ్గొడుతుందో చెప్పలేదు.

గట్టెక్కినవి వేరే ఉన్నాయి. 1995 డిసెంబరులో శాక్వినవిర్‌కు, 1996 మార్చిలో రిటోనవిర్‌, ఇండినవిర్‌లకు అమెరికాలో అనుమతి వచ్చింది. మూడింటి కిటుకూ ఒకటే. గొలుసు తెగే క్షణంలో ఉండే రూపాన్ని అనుకరిస్తాయి, కానీ తెగవు. ఇతర మందులతో కలిపి వాడటం మొదలయ్యాక ఎయిడ్స్ మరణాలు బాగా తగ్గాయి.

వైరస్ ఊరుకోలేదు. ప్రోటియేజ్ గొలుసులో 82వ స్థానంలోని వేలిన్ అనే అమైనో ఆమ్లాన్ని కాస్త చిన్నదైన ఎలనిన్‌గా మార్చుకుంటే చాలు, మందు పట్టు సడలుతుంది. అరుణ్ ఘోష్ అనే రసాయన శాస్త్రవేత్త పటాన్ని మరో కోణంలో చదివారు. ఉత్పరివర్తనంలో (జన్యుమార్పులో) మారేవి పక్క గొలుసులు (ఒక్కో అమైనో ఆమ్లం నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగాలు), వెన్ను లాంటి ప్రధాన గొలుసు దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి మందు దాన్ని పట్టుకోవాలి. ఆ ఆలోచన నుంచి వచ్చిన దరునవిర్‌కు 2006లో అనుమతి దక్కింది.

రిటోనవిర్ కథ ఇంకా విచిత్రం. మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును కూడా అది ఆపుతుంది. లోపంగా లెక్కించదగ్గ ఆ గుణమే వరమైంది. కొద్ది మోతాదులో కలిపితే తోటి మందు ఎక్కువసేపు నిలుస్తుంది. కోవిడ్ వైరస్‌కూ ప్రోటియేజ్ ఉంది. దాని నిర్మాణాన్ని చైనా శాస్త్రవేత్తలు 2020 ఫిబ్రవరిలోనే బయటపెట్టారు. 2021 డిసెంబరుకల్లా దాన్ని ఆపే నిర్మాట్రెల్విర్ రిటోనవిర్ తోడుగా అత్యవసర వాడకానికి వచ్చింది. 2003 నాటి సార్స్ కోసం ఫైజర్ కంపెనీ మొదలుపెట్టి పక్కనపెట్టిన పని చేతిలో ఉండబట్టే ఆ వేగం సాధ్యమైంది. ఏడాది తర్వాత హైదరాబాద్ కంపెనీ హెటిరో తయారుచేసిన జనరిక్ రూపానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నాణ్యత గుర్తింపు లభించింది.

ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ లాంటి కంప్యూటర్ ప్రోగ్రాములు అమైనో ఆమ్లాల వరసను బట్టే ప్రోటీన్ ఆకారాన్ని ఊహిస్తున్నాయి. ఆ పనికి 2024లో నోబెల్ కూడా దక్కింది. మరి స్ఫటికాలు ఎందుకు? మందు చేసేవారికి మొత్తం ఆకారం సరిపోదు. ఈ అణువు చేరితే రెక్క ఎటు వంగింది, నీరు నిలిచిందా పోయిందా, అర ఆంగ్‌స్ట్రామ్ జరిగిందెవరు అన్నవి కావాలి. 2020లో బ్రిటన్‌లోని డైమండ్ అనే ఎక్స్ కిరణాల కేంద్రంలో కోవిడ్ ప్రోటియేజ్ స్ఫటికాలను 1250కి పైగా చిన్న రసాయన శకలాలతో విడివిడిగా పరీక్షించారు. 70కి పైగా శకలాలు ఎంజైముకు అతుక్కుని కనిపించాయి. ఏది ఏ మూలన అతుక్కుందో చూసి, వాటిని పెంచుకుంటూ, కలుపుకుంటూ కొత్త అణువుల తయారీ అక్కడినుంచి మొదలైంది.