కలిసి నేర్చుకుంటేనే.. కలిసి వైద్యం

మీ ఇంట్లో ఎవరినైనా నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చిందా? అయితే ఈ అనుభవం మీకూ ఉండే ఉంటుంది. ఉదయం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు 'సాయంత్రం నుంచి ఇడ్లీ పెట్టొచ్చు' అంటారు. సాయంత్రం డ్యూటీ నర్సు 'నాకెవరూ చెప్పలేదమ్మా' అంటుంది. ఫిజియోథెరపిస్టు వచ్చి 'ఈయన్ని లేపి నడిపించమన్నారా?' అని మిమ్మల్నే అడుగుతారు. కింద మందుల షాపులో 'ఈ రెండూ కలిపి వాడమన్నారా? ఒకసారి కనుక్కుని రండి' అంటూ చీటీ వెనక్కిస్తారు. మీరు మళ్లీ మెట్లెక్కుతారు.

వీళ్లలో ఎవరికీ పని రాదని కాదు. ఎవరి పని వాళ్లకు బాగానే వచ్చు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ పనిచేయడమే ఎవరూ నేర్పలేదు. అందుకే మాటలు మోసే పని మీ మీద పడుతోంది. కంగారులో మీరు ఒక్క మాట మరచిపోతే నష్టపోయేది మంచం మీదున్న మనిషి.

కాలేజీలు వేరు.. వార్డు ఒకటే

విశాఖలో వైద్యవిద్యకు వందేళ్లు దాటాయి. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు 1951 నుంచీ ఉంది. ఇక నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చెప్పే కాలేజీలకు నగరంలో కొదవ లేదు. మన రాష్ట్రంలో వైద్య, దంతవైద్య, నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీల్లో చాలావాటికి పట్టాలిచ్చేది 1986లో ఏర్పడిన ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే. పట్టా ఇచ్చేచోటు ఒకటైనా పాఠాలు మాత్రం ఎవరివి వారివే. నర్సింగ్ విద్యార్థి నాలుగేళ్లు ఏం చదువుతుందో ఎంబీబీఎస్ విద్యార్థికి తెలియదు. వీళ్లు మొదటిసారి కలిసి పనిచేసేది నైట్ డ్యూటీలో, నిజమైన పేషెంటు పక్కన. పరిచయాలకు అది సరైన వేళ కాదు కదా!

దీనికి విరుగుడుగా వచ్చిందే ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో దీన్ని నిర్వచించింది. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి లెక్చర్ ఇస్తే సరిపోదన్నమాట. స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయం 1986లోనే ఈ దారి పట్టింది. పదేళ్లకు ఏకంగా ఒక వార్డునే వేర్వేరు కోర్సుల విద్యార్థుల బృందానికి అప్పగించింది, పక్కనే సీనియర్ల పర్యవేక్షణతో.

ఈ పాఠం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన 62 ఏళ్ల పెద్దాయన. గుండె లయ తప్పడం వల్ల పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఈ కేసును ఐదుగురు విద్యార్థుల ముందు పెడతారు. ఎంబీబీఎస్ కుర్రాడు స్కాన్ చూసి జబ్బు చెప్పేస్తాడు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ ఇవ్వాలంటాడు. నర్సింగ్ అమ్మాయి 'ముందు మింగగలరో లేదో పరీక్షించాలి, కాఫీ తాగుతుంటే దగ్గొస్తోందట' అంటుంది. మింగుడు సరిగా లేనివారికి నోటితో పెడితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు. ఆయన్ని లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగకూడదని, భుజం దెబ్బతింటుందని ఫిజియోథెరపీ విద్యార్థి చెబుతాడు. ఫార్మ్-డి విద్యార్థిని ఇంట్లోవాళ్లను అడిగి అసలు సంగతి రాబడుతుంది. ఆయన మోకాళ్ల నొప్పికి ఏళ్లుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు! వార్ఫరిన్‌తో అది కలిస్తే లోపల రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. పాలకూర, తోటకూర మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ, మరో వారం అసలే లేకుండా తినొద్దని డైటీషియన్ కోర్సు అమ్మాయి అంటుంది. వాటిలోని విటమిన్ కె ఆ మందు పనితీరును మార్చేస్తుంది మరి.

జబ్బు పేరు చెప్పింది ఒక్కరే. పెద్దాయన క్షేమంగా ఇంటికెళ్లాలంటే మాత్రం ఐదుగురూ కావాలి.

సబ్‌మెరైన్ నుంచి వచ్చిన పద్ధతి

తూర్పు నౌకాదళం ఉన్న మన ఊరికి సబ్‌మెరైన్లు కొత్త కాదు. అమెరికా అణు సబ్‌మెరైన్లలో కబురు చెప్పుకొనే పద్ధతే ఇప్పుడు ఆసుపత్రుల్లో 'ఎస్‌బార్' పేరుతో నేర్పుతున్నారు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలి.. ఈ నాలుగూ వరసగా చెప్పాలి. అర్ధరాత్రి ఫోన్లో 'సార్, పేషెంటు కొంచెం డల్‌గా ఉన్నారు' అంటే డాక్టరు 'పొద్దున చూద్దాం' అనవచ్చు. అదే 'సార్, 12వ బెడ్. అరగంటగా మగతగా ఉన్నారు. ఆరు రోజుల కిందట స్ట్రోక్, నిన్ననే వార్ఫరిన్ మొదలైంది. తలలో రక్తస్రావమేమోనని నా అనుమానం. మీరు వెంటనే రావాలి' అంటే? పడుకోబుద్ధి కాదు. ఉక్కునగరం కుటుంబాలకు ఇదేమంత వింత కాదు. షిఫ్టు మారేటప్పుడు ఏ మెషీన్ ఎలా ఉందో చెప్పకుండా గేటు దాటరు కదా.

అసలు చిక్కు మాటలు రాకపోవడం కాదు, భయం. పెద్ద డాక్టరుకు తప్పు చూపించడానికి జూనియర్ నర్సుకు నోరు రాదు. ఆపరేషన్‌కు ముందు బృందంలో అందరూ పేరు, పని చెప్పుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులో ఓ అంశం. పేరు చెప్పిన మనిషి తర్వాత నోరు విప్పడం తేలిక. న్యూఢిల్లీ సహా 8 నగరాల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూస్తే ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

పోర్టు, ఉక్కు, రిఫైనరీ, రసాయన ఫ్యాక్టరీల మధ్య బతికే నగరానికి ఇది మరింత అవసరం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి వేళ అంబులెన్స్ టెక్నీషియన్ నుంచి ప్రొఫెసర్ దాకా ఎవరి పనేమిటో అప్పటికే తెలిసి ఉండాలి.

మన దగ్గర ఎంతవరకు?

కాగితం మీద మార్పు వచ్చింది. 2019 నుంచి అమల్లో ఉన్న ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక వైద్యుడికి ఐదు పాత్రలు చెప్పింది. వాటిలో ఒకటి, ఆరోగ్య బృందానికి నాయకుడిగానూ సభ్యుడిగానూ ఉండటం. ఆ 'సభ్యుడిగా' అన్న మాట మన కాలేజీల్లో ఇంకా బలంగా వినిపించాలి. 2008లో వచ్చిన ఫార్మ్-డి కోర్సు ఫార్మసీ విద్యార్థులను వార్డుల్లోకి తెచ్చింది. కానీ టైంటేబుళ్లు కలవవు. పైగా మార్కులు లేని పాఠాన్ని మన పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో మీకు చెప్పక్కర్లేదు.

ఇది మంత్రదండమనీ అనుకోవద్దు. 2013లో కాక్రేన్ సమీక్ష 15 అధ్యయనాలను పరిశీలిస్తే ఏడింటిలోనే స్పష్టమైన మేలు కనిపించింది. ఒక్క వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్లు పంచితే ఏమీ మారదు. ఏడాది తర్వాత ఏడాది, వార్డులో కలిసి చేయించాలి.

మీ అమ్మాయినో అబ్బాయినో ఈ చదువుల్లో చేర్చబోతున్నారా? ఫీజు, హాస్టల్‌తో పాటు ఇదీ అడగండి: 'మిగతా కోర్సుల పిల్లలతో కలిసి కేసులు చేయిస్తారా? వారానికి ఎన్ని గంటలు?' ఇంట్లో 'నర్సింగేనా' అనే మాటను కూడా మానుకుంటే మంచిది. ఆ చిన్నచూపు పిల్లలతోపాటే వార్డుకు వస్తుంది.

ఇప్పుడే ఆసుపత్రిలో ఉన్నవాళ్లయితే ఓ చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరు, ఎన్ని గంటలకు, ఏం చెప్పారో రాయండి. తర్వాత వచ్చినవారికి నోటిమాటగా కాక ఆ పేజీనే చూపించండి. డిశ్చార్జి రోజున నర్సునూ ఫార్మసిస్టునూ కూడా 'మీరేమైనా చెప్పాల్సింది ఉందా?' అని విడివిడిగా అడగండి. ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, మోకాళ్ల నొప్పికి వీధి చివర షాపులో కొన్న మాత్రతో సహా.